ఈ జీతంతో విజయవాడలో బతకొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లు, వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లు, గుంటూరులో ఉంటూ రోజూ వచ్చిపోదామా అని ఆలోచించేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పన్నులు, పీఎఫ్, కరెంటు ధరలు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాం. అద్దె, సరుకులు, ఫీజులు మాత్రం లెక్క చూపించడానికి వేసుకున్న అంకెలు. వాటి చోట మీ అంకెలు పెట్టుకోండి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఎంత జీతం ఉంటే సరిపోతుంది? ఒక్క ముక్కలో చెప్పండి.

భార్యాభర్తలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు, మధ్యరకం ప్రైవేటు స్కూలు. ఇలాంటి ఇంటికి నెలకు చేతికి 65 వేలు వస్తే ఊపిరాడుతుంది. 50 వేలతోనూ ఇల్లు నడుస్తుంది గానీ అద్దె దగ్గరో స్కూలు దగ్గరో ఒక మెట్టు దిగాలి. పిల్లలు లేని జంటకు 40 వేలు, హాస్టల్లో ఉండే ఒంటరివాళ్లకు ఇంటికి పంపే 5 వేలతో కలిపి 22 వేలు. ఒక్క ముక్కలో అడిగారు కాబట్టి చెప్పాం. ఈ అంకెలు ఎలా వచ్చాయో చూడకుండా నమ్మొద్దు.

ఆఫర్ లెటర్లో ఏడాదికి 6 లక్షలని ఉంది. అంటే నెలకు 50 వేలే కదా?

కాదు. అది సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. మీ ఖాతాలో పడేది వేరు. నెలకు 50,000 సీటీసీలో బేసిక్ సగం, అంటే 25,000 అనుకుందాం. అందులోంచి కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 3,000. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,200. ఏడాది చివర పనితీరు చూసి ఇస్తామన్న వేరియబుల్ పే 5 శాతం అనుకుంటే 2,500. గ్రూప్ ఇన్సూరెన్స్ ఒక 500. ఇవన్నీ పోగా స్లిప్పులో కనిపించే స్థూల జీతం 42,800. దాన్నుంచి మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 తీసేస్తే ఖాతాలో పడేది 39,600.

కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదే కడతాయి. అప్పుడు రెండు వాటాలూ 1,800 చొప్పునే పోతాయి, చేతికి 42,000 దాకా వస్తుంది. అంటే ఒకే 6 లక్షల సీటీసీకి రెండు కంపెనీల మధ్య నెలకు 2,400 తేడా. కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగాల్సింది 'సీటీసీ ఎంత' అని కాదు. 'పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15 వేల మీదా? వేరియబుల్ ఎంత, ఎప్పుడిస్తారు? నెలనెలా ఖాతాలో పడేది ఎంత?' ఈ మూడింటికీ జవాబు మెయిల్లో తీసుకోండి. పీఎఫ్ మీ డబ్బే, కానీ దాంతో ఈ నెల అద్దె కట్టలేరు. వేరియబుల్ అయితే చేతికందేదాకా లెక్కలోకే రాదు.

వృత్తి పన్ను, ఆదాయపు పన్ను ఎంత పోతాయి?

ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 దాకా వృత్తి పన్ను లేదు. 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. ఆదాయపు పన్ను విషయానికొస్తే, 2025-26 నుంచి కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల దాకా కట్టాల్సింది సున్నా. అంటే జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు.

ఆ గీత దాటే దగ్గర మాత్రం ఒక గుంట ఉంది. జీతం 12.75 లక్షల నుంచి 13.5 లక్షలకు పెరిగిందనుకోండి. పన్ను, సెస్సు కలిపి 74,100 పడుతుంది. పెరిగింది 75,000, మిగిలింది 900. ఏడాదికి తొమ్మిది వందల కోసం ఎవరూ ఊరు మారరు! 12.75 నుంచి 13.5 మధ్యలో ఆఫర్ వస్తే దాన్ని పెంపుదలగా లెక్కపెట్టొద్దు.

హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపుతో పన్ను తగ్గదా?

పాత విధానంలోనే తగ్గుతుంది. విజయవాడ, గుంటూరు మెట్రోల కిందికి రావు కాబట్టి బేసిక్‌లో 40 శాతమే పరిమితి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఇవ్వాలి, చాలామంది ఓనర్లు ఇవ్వరు. జీతం 12.75 లక్షల లోపైతే ఈ తలనొప్పే అక్కర్లేదు.

ఇంటి ఖర్చు లెక్క ఎలా వేయాలి?

నెలనెలా అయ్యేవి, ఏడాదికోసారి మీద పడేవి వేరువేరుగా రాయండి. ఏడాదివి 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. పొరపాట్లన్నీ రెండో రకం దగ్గరే జరుగుతాయి. పటమట నుంచి పోరంకి దాకా బందరు రోడ్డు వైపు ఉండే నలుగురి కుటుంబానికి ఒక నమూనా:

అద్దె 14,000, మెయింటెనెన్స్ 1,500
కరెంటు, ఏడాది సగటు 1,400
గ్యాస్ 900, వాటర్ క్యాన్లు 600, ఇంటర్నెట్, రెండు ఫోన్లు 1,100
పాలు రోజుకు లీటరున్నర 2,900
బియ్యం 1,600, పచారీ సరుకులు 5,000
కూరగాయలు, పండ్లు 3,000
గుడ్లు, చికెన్, చేప 2,500
పనిమనిషి 1,800
పెట్రోలు 2,500
మందులు, డాక్టరు 1,000
రిపేర్లు, సినిమా, బయట తిండి 2,000

ఇక్కడికి 41,800 అయింది. చేతికి 50 వేలు వచ్చే మనిషి ఇది చూసి నెలకు 8,200 మిగులుతోందని సంబరపడతాడు. ఇప్పుడు ఏడాదివి వేద్దాం. ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు, బస్సు కలిపి 1,30,000. హెల్త్ ఇన్సూరెన్స్ 24,000. సంక్రాంతి, దసరా బట్టలు, పెళ్లిళ్లకు చదివింపులు, ఊరి ప్రయాణాలు 36,000. మొత్తం 1,90,000, నెలకు 15,833. అసలు ఖర్చు 57,600. మిగులు కాస్తా నెలకు 7,600 లోటైంది, ఏడాదికి 91 వేల పైచిలుకు. ఈ 91 వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చాలా ఇళ్లలో ఎవరూ కూర్చుని చూడరు. ఇంట్లో బంగారానికి మాత్రం తెలుసు.

జూన్ అంటే అందరూ ఎందుకు బెంబేలెత్తుతారు?

ఏడాది ఖర్చులన్నీ వచ్చి వేసవి చివర పోగుపడతాయి కాబట్టి. మార్చి, ఏప్రిల్‌లలో గుంటూరు మిరపకాయలు, చింతపండు, కందిపప్పు ఏడాదికి సరిపడా కొంటారు. మేలో ఆవకాయ కాయలు, నూనె. రోహిణి కార్తెలో ఏసీ ఆగకుండా తిరుగుతుంది, ఆ బిల్లు జూన్‌లో వస్తుంది. బడులు తెరిచేది కూడా అప్పుడే, మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, బూట్లు అన్నీ ఒకే వారంలో. ఇల్లు మారేవాళ్లకు అడ్వాన్సు, లారీ ఖర్చు అదనం.

జీతం సరిపోతుందా లేదా అన్నది జనవరి నెల ఖర్చు చూసి తేల్చొద్దు. పోయిన మే, జూన్ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. ఆ రెండు నెలలూ అప్పు చేయకుండా, కార్డు గీకకుండా గడిస్తే జీతం సరిపోతున్నట్టు. ఇప్పుడే వచ్చినవాళ్లయితే పైన చెప్పిన 15,800 లాంటి మొత్తాన్ని జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి పంపండి. పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ తెరిచి, అది మేలో చేతికొచ్చేలా చూసుకోవడం ఇంకా మంచిది. ఏటీఎం కార్డు ఉన్న ఖాతాలో పెడితే దసరాకే అయిపోతుంది.

అద్దె జీతంలో ఎంత ఉండాలి?

మూడో వంతు దాటకూడదంటారు. ఆ లెక్క సగమే నిజం. అద్దె, మెయింటెనెన్స్, ఆఫీసుకు, బడికి వెళ్లొచ్చే ఖర్చు అన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో 35 శాతం లోపు ఉండాలి అంటే సరైన కొలత. కంకిపాడు దగ్గర 8 వేలకు ఇల్లు దొరికిందని వెళ్లి, స్కూలు బస్సుకు 2,000, పెట్రోలుకు 4,000 పెడితే పటమటలో ఉన్నట్టే.

మొగల్రాజపురం, లబ్బీపేట, గురునానక్ కాలనీ వైపు అద్దెలు ఎక్కువ. కానూరు, తాడిగడప, పోరంకి, ఎనికేపాడు, నిడమానూరు వైపు కొత్త అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి. నది దాటితే తాడేపల్లి, మంగళగిరి. 2024లో రాజధాని పనుల మాట మళ్లీ మొదలయ్యాక అటువైపు పాత అద్దెల మీద ఆశ పెట్టుకోవడం వృథా. సచివాలయంలోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో పని ఉంటే అక్కడ ఉండటమే లాభం. గన్నవరం వైపు పనిచేసేవాళ్లు తాడేపల్లిలో ఇల్లు తీసుకుంటే రోజూ ఊరంతా దాటాలి.

బేరానికి సమయం కూడా ఉంది. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో టులెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, ఖాళీగా ఉంచడం కంటే వెయ్యి తగ్గించడం నయమని ఓనరుకూ తెలుసు. మీకు పట్టింపు లేకపోతే అప్పుడే అడగండి.

ఇల్లు చూసేటప్పుడు అద్దె కాకుండా ఏం చూడాలి?

ముందు కరెంటు మీటరు. మీ పోర్షనుకు విడిగా మీటరు ఉందా, లేక ఓనరు మీటరు కిందే సబ్ మీటరా? ఇక్కడ చాలామంది మోసపోతారు, ఒక్కోసారి ఓనరుకే ఈ సంగతి తెలియదు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి రెండిళ్లు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరూ పై స్లాబులోకి వెళతారు. విడిగా 200 యూనిట్లు వాడితే ఒక్కో ఇంటికి 867, రెండిళ్లకూ 1,734. అదే 400 యూనిట్లు ఒక మీటరు మీద వస్తే 2,548. నెలకు 814 ఊరికే పోయింది. సబ్ మీటరు ఉన్న ఇంట్లో 'యూనిట్‌కు 9 రూపాయలు' అని ఓనరు చెబితే అది దాదాపు పై స్లాబు ధర, మొదటి యూనిట్ నుంచీ మీరే కడుతున్నారు.

తర్వాత నీళ్లు. మున్సిపల్ కుళాయి ఉందా, బోరేనా? బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గీజరు, వాషింగ్ మెషిన్ పాడవుతాయి, తాగడానికి ఎలాగూ క్యాన్లు కొనాలి. బాత్రూమ్ కుళాయిల మీద తెల్లటి పొర చూస్తే ఎవర్నీ అడగక్కర్లేదు.

పై అంతస్తు. బెజవాడ ఎండకు శ్లాబు సాయంత్రం కాలుతుంది, రాత్రి పదకొండైనా చల్లారదు. అద్దె వెయ్యి తక్కువని పై అంతస్తు తీసుకుంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ వెయ్యి ఏసీకి పోతుంది. పైన కూల్ రూఫ్ పెయింటు వేసి ఉంటే కొంత నయం.

చివరగా వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి చోట్ల కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఇల్లు తీసుకోకూడదని కాదు, అద్దె తక్కువ, మార్కెట్లు దగ్గర. కింది పోర్షను మాత్రం వద్దు. మీటరు బోర్డు, నీళ్ల మోటారు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఓనరును కాదు, పక్కింటివాళ్లను అడగండి.

ఏసీ వాడితే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఇక్కడ కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్. గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీతో 150 యూనిట్లు వాడే ఇంటికి 567 వస్తుంది. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240. మొత్తం 390 యూనిట్లకు 2,461. ఏసీ ఒక్కదానికే 1,894 పడిందన్నమాట. దీనికి ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఇంధన సర్దుబాటు ఛార్జీలు అదనం. రెండో గదిలో కూడా ఏసీ వేస్తే ఆ యూనిట్లు దాదాపు అన్నీ 9.75 ధర మీదే పడతాయి, ఇంకో 2,300 దాకా. మేలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకోవడం పాత అలవాటే, ఆ ఒక్క అలవాటు ఖరీదు నెలకు 2,300.

గుంటూరులో ఉండి రోజూ విజయవాడ వెళ్లొస్తే మిగులుతుందా?

దూరం సుమారు 35 కిలోమీటర్లు. బైకు మీద రానుపోను 70, నెలకు 24 రోజులకు 1,680 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 37 లీటర్లకు పైగా పడుతుంది. లీటరు 110 వేసుకుంటే 4,100. జాతీయ రహదారి మీద రోజూ లారీల మధ్య బైకు తోలడం మేము చెప్పే సలహా కాదు, లెక్క కోసం రాశాం. కారైతే పెట్రోలుతో పాటు కాజ టోల్‌గేటు ఉంది. 2025లో మొదలైనప్పుడు 3,000 ఉన్న ఫాస్టాగ్ వార్షిక పాసు 200 సార్లకు చెల్లుతుంది. రోజూ రెండుసార్లు దాటితే నాలుగు నెలలకు అయిపోతుంది, ఆ ధరకు నెలకు 720 పడేది.

ఖర్చు కంటే కాలం పెద్ద సమస్య. బ్రాడీపేట నుంచి బస్టాండుకు, అక్కడి నుంచి నెహ్రూ బస్టాండుకు, మళ్లీ సిటీ బస్సో ఆటోనో ఎక్కి బెంజి సర్కిల్‌కు. ఒక వైపుకే గంటన్నర, సాయంత్రం ఇంకా ఎక్కువ. మీ ఆఫీసు నెహ్రూ బస్టాండు, వన్‌టౌన్, రైల్వే స్టేషను చుట్టుపక్కల ఉంటే గుంటూరు నుంచి రావడం నడుస్తుంది, రైలు సీజన్ టికెట్ అన్నిటికంటే చవక. ఆఫీసు ఎనికేపాడులోనో గన్నవరంలోనో ఉంటే వద్దు. గుంటూరులో సొంతిల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు, నెలకు 15 వేల అద్దె మిగులుతుంటే మూడు గంటల ప్రయాణానికి ఒక అర్థం ఉంది. అక్కడా అద్దె ఇల్లే అయితే తేడా మూడు నాలుగు వేలు, అది దారిలోనే అయిపోతుంది.

ప్రభుత్వ పథకాలను లెక్కలో వేసుకోవచ్చా?

స్త్రీశక్తి వేసుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఛార్జీ లేదు, ఆదాయంతో పని లేదు. గుర్తింపు కార్డు దగ్గరుండాలి. మిగతా బస్సుల్లో డబ్బు కట్టాల్సిందే కాబట్టి ఎక్కేముందు బోర్డు చూడండి. రోజూ బస్సులో వెళ్లే ఉద్యోగినికి ఇది జీతం పెరిగినట్టే.

బడి పిల్లల తల్లులకు డబ్బు ఇచ్చే తల్లికి వందనం లాంటివి ఆదాయానికి ముడిపడి ఉంటాయి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు, కరెంటు సగటు 300 యూనిట్ల లోపు, కారు ఉండకూడదు. ఈ పేజీ చదివే జీతగాళ్లలో చాలామందికి వర్తించవు.

ఒంటరిగా ఉంటే హాస్టలా, గదా?

హాస్టలే చవక, వంట రాకపోతే. భోజనంతో 7,500 అనుకోండి. గదైతే ముగ్గురు కలిసి 12 వేల ఇల్లు తీసుకుంటే తలా 4,000, కరెంటు, నీళ్లు, నెట్ 900, అన్నం వండుకోవడానికి బియ్యం, గ్యాస్ 900, రెండు పూటలా కర్రీ పాయింట్ కూరలకు రోజుకు వంద చొప్పున 3,000, పొద్దున టిఫిన్ 1,800. మొత్తం 10,600. కూర, టిఫిన్ కూడా వండుకుంటేనే గది గెలుస్తుంది. పైగా గదికి అడ్వాన్సు, బకెట్ నుంచి పరుపు దాకా కొనాలి. ఉద్యోగంలో ఆరు నెలలు నిలదొక్కుకునేదాకా హాస్టల్లో ఉండండి.

జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుందట, నిజమేనా?

నిజమే. స్థూల జీతం 21,000 దాకా మీ వాటా 0.75 శాతమే కట్టి గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో కుటుంబమంతా చూపించుకోవచ్చు. 20,800 నుంచి 21,500కు పెంచారనుకోండి, పెరిగింది 700. ఇంటికంతటికీ బయట పాలసీ కొంటే నెలకు అంతకు రెండింతలకు పైనే అవుతుంది. అయితే ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు చందా కాలాలుంటాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా ఈఎస్‌ఐ కొనసాగుతుంది. ఏప్రిల్‌లో, అక్టోబరులో పెంపుదల వచ్చేవాళ్లకే వెంటనే చందా ఆగేది.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే విడిగా ఎందుకు?

ఉద్యోగం మానిన రోజే అది కూడా పోతుంది. తల్లిదండ్రులను చాలా కంపెనీలు చేర్చవు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, అప్పటిదాకా 18 శాతం ఉండేది. బీపీ, సుగరు రాకముందే తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు కొన్నాళ్లు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ గొడవ వాటికి ఉండదు.

కొత్తగా వస్తున్నాం, మొదటి నెలకు చేతిలో ఎంత ఉండాలి?

అద్దె 14 వేలైతే, రెండు నెలల అడ్వాన్సు 28,000, మొదటి అద్దె 14,000, బ్రోకరుకు ఒక నెల అద్దె 14,000, సామాను రవాణా 6,000, కర్టెన్లు, గ్యాస్ రెగ్యులేటరు వంటి చిల్లర 5,000, జీతం వచ్చేదాకా తిండికీ పెట్రోలుకూ 25,000. మొత్తం 92,000. స్కూలు అడ్మిషన్ దీనిలో లేదు. ఇరవయ్యో తేదీ తర్వాత చేరితే కొన్ని కంపెనీలు ఆ రోజుల జీతం వచ్చే నెలతో కలిపి ఇస్తాయి, అంటే నలభై రోజులు జేబులోంచే. చేరే తేదీ మీ చేతిలో ఉంటే నెల మొదట్లో చేరండి.

నెలకు 5,000 చీటీ కడుతున్నాను. అది పొదుపే కదా?

పాట పాడుకునేదాకా పొదుపు, పాడుకున్నాక అప్పు. ఇరవై నెలల లక్ష రూపాయల చీటీని నాలుగో నెలలో 22 వేలు వదులుకుని పాడితే చేతికొచ్చేది 78 వేలు. ఆ తర్వాత పదహారు నెలలు డివిడెండ్ పోను మిగిలిన వాయిదా కట్టాల్సిందే. లెక్క వేసేటప్పుడు పాడిన చీటీని ఈఎంఐల పక్కన రాయండి. రిజిస్టరైన చీటీల్లో నిర్వాహకుడి కమీషన్ 7 శాతం మించకూడదు. ఇంటి పక్క ఆంటీ నడిపే చీటీలో నమ్మకం తప్ప కాగితం ఉండదు. అందులో ఒక నెల జీతం కంటే ఎక్కువ ఇరుక్కోకుండా చూసుకోండి.

లోటు వచ్చినప్పుడు ఏ అప్పు నయం?

మన దగ్గర వడ్డీ నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం, అదే పక్కదారి పట్టిస్తుంది. 'రెండు రూపాయలే' అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అదీ 36 నుంచి 42 మధ్యే. బ్యాంకులో బంగారం తాకట్టు వీటన్నిటికంటే తక్కువ. కానీ ప్రతి జూన్‌లో అదే గాజులు బ్యాంకుకు వెళుతున్నాయంటే లోపం జూన్‌లో లేదు, నెల లెక్కలో ఉంది.

అద్దె కట్టే బదులు ఇల్లు కొంటే?

40 లక్షల ఫ్లాటుకు 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ 26,035. మీ చేతి నుంచి 10 లక్షలు, రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ 7.5 శాతం చొప్పున మరో 3 లక్షలు. అదే ఫ్లాటు అద్దె 14 వేలైతే నెలకు 12 వేలు అదనం, దీనికి తోడు మెయింటెనెన్స్, ఇంటి పన్ను మీవే. ఇల్లు కొనొద్దనడం లేదు, అద్దె డబ్బుతోనే ఇల్లు వస్తుందన్న మాట మాత్రం తప్పు. చేతికి 80 వేల లోపు వచ్చి, పిల్లలిద్దరూ బడిలో ఉంటే కొంచెం ఆగండి. ఇంటర్‌కు వచ్చేసరికి ఒక్కో పిల్లవాడి ఖర్చు స్కూలు కంటే బాగా పెరుగుతుంది, ఈ ఊళ్లో ఆ సంగతి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో 20 వేలు ఎక్కువిస్తామంటున్నారు. వెళ్లాలా?

20 వేల నుంచి నాలుగు ఖర్చులు తీసేయండి. అద్దె తేడా, ఆఫీసుకు వెళ్లొచ్చే ఖర్చు తేడా, స్కూలు ఫీజు తేడా, ఊరికి రాకపోకలు. 275 కిలోమీటర్ల దూరం, సంక్రాంతికి బస్సు ఛార్జీలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఇక్కడ అమ్మమ్మ ఇంటి దగ్గర పిల్లలను చూసుకుంటుంటే అక్కడ క్రెష్ ఖర్చు ఐదోది. ఇవన్నీ పోయి 5 వేలు కూడా మిగలకపోతే డబ్బు కోసం వెళ్లొద్దు. ఆ ఉద్యోగంలో నేర్చుకునేది ఉండి, రెండేళ్లలో జీతం మళ్లీ పెరిగే దారి కనిపిస్తే అప్పుడు వెళ్లండి, ఆ రెండేళ్లూ లోటే అని తెలిసి వెళ్లండి.

ఇప్పుడు వచ్చే జీతం చాలడం లేదు. ముందు ఏది తగ్గించాలి?

అద్దె, స్కూలు, బండి, ఈ వరసలో. టీలు, సినిమాలు మానేస్తే నెలకు వెయ్యి మిగులుతుంది. బందరు రోడ్డు మీద నుంచి రెండు వీధులు లోపలికి వెళితే అద్దెలో రెండు వేలు తగ్గుతుంది. కూరగాయలకు పటమట రైతుబజారు బాగానే కలిసొస్తుంది, పొద్దున్నే వెళ్లాలి అంతే. కారు ఈఎంఐ ఉండి, వారానికి ఒకసారే తీస్తుంటే ముందు దాన్ని అమ్మేయండి, అవసరానికి అద్దె కారు పిలిస్తే ఏడాదికి సగం కూడా అవ్వదు.

స్కూలు మార్చాలనుకుంటే ఫిబ్రవరి, మార్చిలలోనే తేల్చుకోవాలి. మేలో మారిస్తే ఇక్కడ కట్టిన డబ్బు వెనక్కి రాదు, అక్కడ సీటు ఉండదు. ఇల్లు మారాలంటే అగ్రిమెంట్‌లో ఒక నెల నోటీసా రెండు నెలలా అని చూసి, ఓనరుకు వాట్సాప్‌లో తేదీతో సహా రాయండి. నోటిమాటతో చెబితే అడ్వాన్సులో ఒక నెల కోస్తారు. ఖాళీ చేసే రోజు గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫోటోలు తీసుకుని, ఆఖరి బిల్లు కట్టిన రసీదు చూపించి, అడ్వాన్సు ఖాతాలో పడ్డాకే తాళం ఇవ్వండి.